వెలిగిన ఉప్పుగడ్డ

నేను ఒక ఉప్పుగడ్డను. కూరలో వేసుకునేది కాదు, సోడియం అయోడైడ్ స్ఫటికాన్ని. కొలిమిలో కరిగించి, మెల్లమెల్లగా చల్లార్చి నన్ను పెంచారు. చెమ్మ తగిలితే చెడిపోతానని రాగి డబ్బాలో పెట్టి మూత బిగించారు. ఆపైన మూతపడిన ఒక బంగారు గనిలోకి దింపి, వేరే కిరణాలేవీ తగలకుండా చుట్టూ సీసం ఇటుకలు పేర్చారు. అప్పటి నుంచి చీకటే. దానికి నాకు బాధ కలగలేదు. అసలేమీ కలగలేదు.

నక్షత్రాలను చెదరకుండా పట్టి ఉంచే కృష్ణ పదార్థమనేది ఒకటి ఉందట. అది ఎవరికీ కనబడదు. దాని రేణువు తగిలితే నాలో చిన్న వెలుగు పుడుతుందని, నాకు అంటించిన గాజు కన్ను దాన్ని పట్టేస్తుందని భానుజ ఆశ. ఆమె భౌతికశాస్త్రవేత్త. కనబడనిదాన్ని వెతుకుతూ భూమి అడుక్కి దిగేదీ మనుషులే, కళ్లద్దాలు తలమీద పెట్టుకుని గదంతా వెతికేదీ మనుషులే.

నేను వెలిగాను. ఏటా ఎండాకాలం చివర ఎక్కువగా, చలికాలంలో తక్కువగా. భూమి దానికి ఎదురెళ్లే నెలల్లో ఎక్కువ తగులుతుంది గనక, కృష్ణ పదార్థమైతే సరిగ్గా అలాగే రావాలట. జుట్టు నెరిసేదాకా భానుజ ఆ వెలుగునే నమ్ముకుంది. లోకం నమ్మలేదు. దాంతో ఆమే ఇంకో శాస్త్రవేత్త ఇస్మాయిల్‌ను పిలిపించింది. అతని పరికరం వెలగదు. అందులోని ద్రవానికి రేణువు తగిలితే బుడగ వస్తుంది. రెండు పద్ధతులూ ఒకే మాట చెబితేనే బయటపెట్టాలని, అందాకా ఒకరి ఫలితం ఒకరు చూడకూడదని ఒప్పందం.

ఫలితాలు విప్పిన రోజు ఇద్దరూ నా పక్కనే ఇనుప కుర్చీల్లో కూర్చున్నారు.

"ఒక్క బుడగ గూడా రాలేదక్కా," అన్నాడు ఇస్మాయిల్. తనే మళ్లీ, "నా పేరు తీసేసి నీదొక్కటే పేపర్ వేసుకో. నేనేమీ అననులే," అన్నాడు.

"నీదాంట్లో రానిది నాదాంట్లో ఎట్లొచ్చింది?"

"వానలకు ముందు గనిలో గాలి మారుతుంది గదా. రాతిలోంచి వచ్చే రేడాన్ గ్యాస్ వల్ల వెలిగిందేమో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చాలామందినే విన్నాను. భానుజ అలా అనలేదు.

"రెండూ కలిపే రాయి. దొరకలేదని రాయి," అంది.

ఏడవలేదు. నా డబ్బా మీద చెయ్యి పెట్టి, తీసేసింది. నాకు జాలి వేయాల్సింది. ఆ చెయ్యి చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

ఇప్పుడు ఒక కాలేజీలో, అద్దాల బీరువాలో ఉన్నాను. గాజు కన్ను ఊడదీసి వేరే ప్రయోగానికి పట్టుకెళ్లారు. ఏటా ఎండాకాలం చివర భానుజ వచ్చి బీరువా ముందు కాసేపు నిలబడుతుంది. ఇక్కడ సీసం ఇటుకలు లేవు. ఆకాశంలోంచి, గోడల్లోంచి, చివరికి ఆమె ఒంట్లోంచి కూడా ఏదో ఒక కిరణం వచ్చి తగులుతూనే ఉంటుంది. మునుపటికంటే ఎక్కువగా వెలుగుతున్నాను. అది ఆమెకు కనబడదు. అందులో ఆమె వెతికింది ఒక్కటైనా ఉందేమో, నాకూ తెలియదు.