చరకా జత

షంషాద్‌ను జీపులోకి లాగేటప్పటికి ఆమె వేళ్లకు పట్టుపోగులు ఇంకా అంటుకొనే ఉన్నాయి. మరిగే నీళ్ల తొట్టిలో పట్టుగూళ్ల కొసలు ఏరుతున్న మనిషిని, చేతులైనా తుడుచుకోనీయకుండా జుట్టు పట్టి లాక్కుపోయారు. లాగింది పోలీసులు. ఈమేనని చూపించింది పుంగనూరులో టైర్ల షాపు నడిపే ఆమె అన్న ఇమ్రాన్. అతనికి కబురు పంపింది మాత్రం మదనపల్లెలో ఆమె పనిచేసే పట్టు రీలింగు షెడ్డు యజమాని బైరప్ప. ఆ పెద్దమనిషి గుమ్మంలో నిలబడి తాపీగా తమలపాకు నములుతున్నాడు.

చక్రం తిప్పుతున్న గంగరత్న చెయ్యి ఆగిపోయింది. పట్టు తీసే చరకా పని ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు తొట్టి దగ్గర కూర్చొని పోగు అందించాలి, ఒకరు చక్రం తిప్పాలి. ఆరేళ్లుగా ఆ చరకా దగ్గర వాళ్లిద్దరే. షెడ్డు దాటి బయటికొచ్చినా వాళ్లిద్దరే. పుంగనూరు గంగమ్మ జాతరలో ఒకరికొకరు పసుపుతాడు కట్టుకున్నారు. మదనపల్లె దర్గాలో చాదరు కప్పి మొక్కుకున్నారు. అద్దె గదిలో ఒక గోడకు గంగమ్మ పటం, ఇంకో మూల షంషాద్ నమాజు చాప. నీ మతం వదిలి రమ్మని ఒకరినొకరు ఏనాడూ అడగలేదు.

ఇదంతా బైరప్పకు తెలియదా? మొదటినుంచీ తెలుసు. జత బాగా కుదిరింది, పట్టు సన్నగా దిగుతోందని మురిసిపోయినవాడే. కిందటి నెల ఈ ఇద్దరూ ముందు నడిచి షెడ్డులోని ఆడవాళ్లందరి చేతా కూలి పెంచమని అడిగించారు. వేన్నీళ్లలో నాని వేళ్లు కుళ్లిపోతున్నాయి, మందు ఇప్పించమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనగారికి ధర్మం. మసీదు కమిటీకీ, గుడి కమిటీకీ ఒకే రోజు మనిషిని పంపాడు. ఎదురుపడితే ముఖాలు తిప్పుకొనే ఆ రెండు కమిటీలూ ఈ ఒక్క విషయంలో చప్పున ఏకమైపోయాయి.

గంగరత్న స్టేషనుకు పరుగెత్తింది. రీలింగు కూలీల సంఘం కార్యదర్శి నరసింహులు దారిలో కలిశాడు. మంచివాడే. కూలి కోసం రెండుసార్లు జైలుకు పోయి వచ్చినవాడు.

"సూడమ్మా, ఆడ పెండ్లి గిండ్లి అని నోరు జారొద్దు. జత పని మనిషి అని సెప్పు, సాలు. ల్యాకుంటే కూలి మాట మూలబడి పోతాది. మతాల గొడవయితాది" అన్నాడు.

స్టేషనులో షంషాద్‌ను నేల మీద కూర్చోబెట్టారు. ఎస్సై గంగరత్న వైపు చూశాడు.

"ఈమె నీకేమవుతుంది?"

గంగరత్నకు నరసింహులు మాట గుర్తొచ్చింది. "జతలో పనిజేసే మనిషి సార్."

"అంతేనా? మరి ఇతను సొంత అన్న. రక్తసంబంధం. తీసుకుపోతాడు."

"నాకు ఇరవై తొమ్మిదేండ్లు సార్. నేను యాడికీ పోను" అంది షంషాద్. విన్నవాడు లేడు. ఇమ్రాన్ రెక్క పట్టి లేపాడు. గడప దాటుతూ ఆమె వెనక్కి తిరిగింది. ఆ కళ్లలో కోపం లేదు. అదే గంగరత్నను జన్మంతా కాల్చింది.

"రత్నా, తొట్టి కింద మంట ఆర్పినావా?"

గంగరత్న జవాబు చెప్పేలోపలే ఆమెను ఈడ్చుకుపోయారు.

ఆ సాయంత్రం సంఘం గదిలో కూర్చోవడానికి చోటు లేదు. షెడ్డు ఆడవాళ్లంతా వచ్చారు. నరసింహులు గొంతు సవరించుకొని, "ఇది కూలి సమస్య కాదమ్మా. ఇండ్లలో సంగతి. సంఘం తలదూర్సేది ల్యా" అన్నాడు.

అజీజాబీ లేచింది. నలభై ఏళ్లు తొట్లలో చేతులు పెట్టి గోళ్లు రాలిపోయిన మనిషి. "ఇండ్లలో సంగతా? మరి బైరప్ప మా ఇండ్లలోకి యాల వచ్చె? మా కూలి ఆపేదానికే గదా! ఆయప్పకు తెలిసినంత కూడా నీకు తెలీకపాయ నరసింహులూ. ఆయప్పకు ల్యాని సిగ్గు సంఘానికి వచ్చిందే!"

"నాకైతే ఈ పెండ్లి అర్థం కాలా" అంది పక్క చరకా అంకమ్మ. "అయినా నా బిడ్డకు జ్వరమొస్తే నా తొట్టి పని కూడా షంషాదే జేసింది. నాకు అర్థమయ్యేదాకా ఆయమ్మ ఆడ బందీగా ఉండల్నా?"

"నా నోటితోనే పంపిస్తిని" అని గంగరత్న బావురుమంది.

నరసింహులు తల వంచుకున్నాడు. హక్కుల సంఘం వకీలు సావిత్రమ్మ సోమవారం కోర్టులో పిటిషన్ వేస్తానంది. మేజరైన మనిషిని బంధించే హక్కు అన్నకైనా లేదంది. అందరూ సోమవారం కోసం ఎదురుచూశారు.

ఆదివారమే కబురొచ్చింది. కుప్పంలో ఎవరో పెళ్లాం చచ్చినవాడికి ఇచ్చి నికా చేయబోయారట. షంషాద్ ఒప్పుకోలేదట. పుంగనూరులో అన్న మిద్దె మీదనుంచి కింద పడిందట. కాలు జారిందన్నాడు అన్న. దూకిందన్నారు వీధివాళ్లు. తోసేశారని గొణిగారు ఇంకొందరు. మదనపల్లె ఆసుపత్రికి తెచ్చేసరికి ప్రాణం లేదు.

తెల్లారింది. శవం కోసం ఎవరూ రాలేదు. ప్రాణముండగా రక్తసంబంధమని ఈడ్చుకుపోయినవాడు, శవమయ్యాక కమిటీ ఒప్పుకోదని ఇంట్లో కూర్చున్నాడు. అనాథ శవం కింద పూడ్చేయడానికి మునిసిపాలిటీ ట్రాక్టరు వచ్చి ఆసుపత్రి గేటు ముందు నిలబడింది. ఆడవాళ్లంతా దానికి అడ్డం కూర్చున్నారు.

"లేవండి! రక్తసంబంధం ఉన్నవాళ్లకే శవం ఇస్తాం" అరిచాడు ఎస్సై. గంగరత్నను గుర్తుపట్టాడు. "నీకేం పని ఇక్కడ? జతలో పనిచేసే మనిషని నువ్వే చెప్పావుగా."

గంగరత్న లేచి నిలబడింది. "అబద్ధం సెప్పినాను సార్. ఆయమ్మ నా పెండ్లాము. నేను ఆయమ్మకు పెండ్లాన్ని. రాసుకో."

కానిస్టేబుళ్లు పక్కున నవ్వారు. "ఏ చట్టంలో ఉంది?" అన్నాడు ఎస్సై.

"తొట్టి కాడ ఉండాము. జాతరలో ఉండాము. దర్గాలో ఉండాము. మీ సట్టంలో ల్యాకపోతే ఆ తప్పు సట్టానిది. అనాథ అంటే మాత్రం ఊరుకోను."

బైరప్ప స్కూటరు మీద రొప్పుతూ వచ్చాడు. "ఈపొద్దు పని జరక్కపోతే పురుగు గూడు తొలుచుకొని బయటికొస్తాది! గూళ్లన్నీ నాశనమే! రాండమ్మా, కూలి సంగతి మాట్లాడుకుందాం."

"రానీ అప్పా. అదన్నా బయటపడనీ" అంది అజీజాబీ.

మధ్యాహ్నానికి తక్కిన షెడ్ల ఆడవాళ్లూ వచ్చి కూర్చున్నారు. పని ఆగిపోతోంది, శవం ఇచ్చేయమని షెడ్ల యజమానులు ఒకరి వెనక ఒకరు స్టేషనుకు ఫోన్లు చేశారు. ఎస్సై పళ్లు కొరుక్కుంటూ శవాన్ని వదిలాడు.

ఆసుపత్రి వెనక చీరలు అడ్డం కట్టారు. చనిపోయిన ఆడమనిషికి ఆడవాళ్లే స్నానం చేయించాలి. ఒకరు నీళ్లు పోయాలి, ఒకరు కడగాలి. అజీజాబీ చెంబు గంగరత్న చేతికిచ్చింది.

"నేను మీ మతం కాదు గదమ్మా."

"అల్లా అడిగితే నన్ను అడుగుతాడు బేటీ. నేను సెప్పుకుంటా. నువ్వు పొయ్యి."

గంగరత్న పోసింది. కమిలి, తోలు ఊడిన ఆ వేళ్ల మీద గోరువెచ్చని నీళ్లు జారాయి. ఇన్నేళ్లకు ఆ వేళ్లను కాల్చని నీళ్లు ఇవేనని తోచి, గుండె పగిలేలా ఏడ్చింది.

శవాన్ని మోసే జనాజా ఇవ్వనంది మసీదు కమిటీ. నులకమంచం మీద మోశారు. ముందు కోడు నరసింహులు భుజాన ఉంది. ఖబరస్తాన్ దారిలో, కమిటీల మాట మీద మళ్లీ వచ్చిన పోలీసులు, వాళ్ల వెనక రెండు కమిటీల మనుషులూ అడ్డం నిలబడ్డారు.

"దింపండి! ఈ శవానికి మీరేమవుతారు?" అన్నాడు ఎస్సై నరసింహులుతో.

నరసింహులు గంగరత్న వైపు చూశాడు. "ఈయమ్మ పెండ్లాము సచ్చిపోయింది సార్. మోస్తాండాము."

లాఠీలు లేచాయి. నరసింహులు తల పగిలి కూలాడు. మంచం మాత్రం నేల మీద పడలేదు. ఆ కోడు అంకమ్మ భుజానికెత్తుకుంది. ఇంకో మగవాడు పడితే ఇంకో ఆడది అందుకుంది. ఆడవాళ్లు శవాన్ని మోయకూడదని గొంతు చించుకున్నారు కమిటీలవాళ్లు. వాళ్లను తోసుకుంటూ మంచం ముందుకే కదిలింది. గూళ్ల బండి లాగే ముసలి బాబు సాహెబ్ నమాజు చదివించాడు. షంషాద్ తన మట్టిలోకి తన మతంతోనే దిగింది. గంగరత్న మూడు గుప్పిళ్లు మట్టి వేసింది. నాలుగోది వేయకముందే చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

దొరికినవాళ్లను దొరికినట్టు వ్యానులోకి ఎక్కించారు. నరసింహులు నెత్తి నుంచి కారుతున్న నెత్తురును అజీజాబీ కొంగుతో అదిమిపట్టింది. "అమ్మా, నా మాట వినే ఆ పొద్దు అట్ల సెప్పినావు" అన్నాడతను గంగరత్నతో.

వ్యాను షెడ్ల వీధిగుండా పోయింది. పొద్దున లేస్తే పొగతో కళ్లు మండించే వీధి. ఈ రోజు ఏ షెడ్డు పైనుంచీ పొగ లేదు. తలుపులకు తాళాలు, బయట గుంపులు గుంపులుగా ఆడవాళ్లు. వ్యానును చూసి పిడికిళ్లు ఎత్తారు.

గంగరత్న వ్యాను కిటికీ జాలీకి ముఖం ఆనించి, ఎవరికో ఇంటి సంగతి చెప్తున్నట్టు మెల్లగా అంది.

"ఆర్పినాము షంషాదూ. అన్ని తొట్ల కిందా ఆర్పేసినాము."