లాల్ వేలం డబ్బా

"హలో... చెక్... మైక్ టెస్టింగ్," అన్నాడు బ్రహ్మచారి, పొద్దున్నుంచి ఎన్నోసారో. బల్ల మీది నల్ల డబ్బా అదే మాటను శుభ్రంగా తిరిగి అన్నది. ఏ లోపమూ లేదు. లోపం కనపడకపోవడమే అతనికి ఒళ్ళు మండిస్తోంది.

చిలకలగూడలో ఒక మేడమెట్ల కింద అతని దుకాణం. మనిషి లోపలికి వస్తే గాలి బయటికి పోవాలి, అంత ఇరుకు. గోడల నిండా పాత యాంప్లిఫయర్లు, అట్ట చిరిగిన స్పీకర్లు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికి మైకు కట్టాలన్నా చారి రావాల్సిందే. తర్వాత డీజేలు వచ్చిపడ్డాయి. చారి ఎవరినీ ఏమీ అనలేదు. ఆ కోపమంతా దాచుకుని, ఇదిగో, ఇలాంటి డబ్బాల మీద చూపిస్తుంటాడు. అరవై దాటిన మనిషి. చూపుడువేలి కొస సోల్డరింగ్ వేడికి కాలి కాలి కాయ కాసింది. కళ్ళద్దాలు జారిపోకుండా దారం కట్టుకున్నాడు.

డబ్బా లాల్‌ది. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వేలం పిలుస్తాడు లాల్. టమాటా ట్రేల పక్కన నిలబడి ధర పిలిస్తే గేటు దాకా వినిపించిన గొంతు అది. నిరుడు గొంతుకు ఆపరేషన్ అయ్యాక గుసగుస మాత్రం మిగిలింది. ఈమధ్యే చారి పాత మొబైల్ బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్ చేసి, కాలర్‌కు మైకూ నడుముకు డబ్బా వచ్చేలా కట్టి ఇచ్చాడు. అది కట్టుకున్న దగ్గర్నుంచి లాల్ ధరల మధ్య తడబడుతున్నాడు. కొనేవాళ్ళు నవ్వుతున్నారు. "రేపొక్క దినం చూస్తా, మళ్ళ గిట్లనే అయితే వేరేటోన్ని పెట్టుకుంటా" అని కమీషన్ ఏజెంట్ రామ్మోహనరావు ఈ పొద్దున వేలం కాగానే చెప్పేశాడు.

"నాకు నత్తి ఎన్నడు లేదు చారి సాబ్," అన్నాడు లాల్ పొద్దున డబ్బా ఇస్తూ, గుసగుసగానే. "గీ డబ్బా కట్టుకుంటెనే నాలిక మడత పడ్తుంది."

"డబ్బా మంచిగనే ఉంది. నలుగుర్ల భయపడ్తున్నవేమో చూస్కో," అన్నాడు చారి.

లాల్ ముఖం చిన్నబోయింది. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ముఖమే ఇప్పుడు చారిని బల్ల మీద పని చేయనివ్వడం లేదు. అనకుండా ఉండాల్సింది.

మైకు తీగ మార్చాడు. బ్యాటరీ మార్చాడు. అతికిన చోటల్లా ఊడదీసి మళ్ళీ అతికాడు. ప్రతిసారీ హలో, చెక్. ప్రతిసారీ డబ్బా బుద్ధిమంతుడిలా బదులిచ్చింది. "నీ అయ్య, నాకు మంచిగ చెప్తవ్, ఆయనకెందుకు చెప్పవ్?" అని దాన్నే తిట్టాడు.

మధ్యాహ్నం భార్య దేవమ్మ ఫోన్ చేసింది. "తిన్నవా?"

"తింట తియ్."

"గుండెల మంట అన్నవ్ గదా, గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. ఫోన్ పెట్టు, పరేషాన్ చెయ్యకు."

వేసుకోలేదు. టిఫిన్ డబ్బా మూతా తీయలేదు.

చివరికి విసుగెత్తి, మైకు తన కాలర్‌కే తగిలించుకుని, డబ్బా నడుముకు కట్టుకుని లేచి నిలబడ్డాడు. లాల్ ఎలా పిలుస్తాడో అలాగే, ఊపిరి తీయకుండా అందుకున్నాడు. "వందా, వందా పది, పదీ ఇరవై, ఇరవై ముప్పై..." నాలుక తడబడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తడబడింది. తాను ముప్పై అంటుంటే డబ్బా ఇంకా ఇరవై అంటోంది! తన గొంతే వెనకబడి వచ్చి తన మాటకు అడ్డం పడుతోంది.

చారి స్టూలు మీద కూలబడ్డాడు. మైకు కట్టేవాడెవడైనా ఒక్క మాట అని ఆగుతాడు, విని తల ఊపుతాడు. ఆగి వినేవాడికి మాట కాస్త ఆలస్యంగా వస్తే ఏం తెలుస్తుంది? జీవితమంతా ప్రతి పందిట్లో అతను అలాగే పరీక్షించాడు. లాల్ పని ఆగేది కాదు.

దొంగ ఎవరో వెంటనే తెలిసింది. మైకూ స్పీకరూ ఒక్క మనిషి ఒంటి మీదే ఉంటే కుయ్యిమని కూత పెడుతుందని, ఆ కూతను పట్టే చిన్న బోర్డు ఒకటి తనే ముచ్చటపడి పెట్టాడు. అది వచ్చిన శబ్దాన్ని రవ్వంత సేపు ఆపుకుని, కూతను ఏరిపారేసి, మిగిలింది బయటికి పంపుతుంది. ఆ కాస్త వోల్టేజీకి దాని పని మరీ నీరసం. పెద్ద బ్యాటరీ వేస్తే లాల్ బక్క నడుము మోయలేదు. బోర్డు పని తగ్గించి చూశాడు. నాలుక ఇంకా తడబడుతూనే ఉంది. ఇక లాభం లేదని బోర్డునే పీకేసి, మైకును తిన్నగా యాంప్లిఫయర్‌కు కలిపాడు.

డబ్బా చెవులు చిల్లులు పడేలా అరిచింది. తిట్టుకుంటూ స్పీకర్‌ను వీపు వైపుకు తిప్పాడు, మైకును పెదాల దగ్గరికి వంచాడు, సౌండు తగ్గించాడు. కూత ఆగింది. ఇసుకలో శనగలు వేయిస్తున్నట్టు బర్రుమనే చప్పుడు మాత్రం మిగిలింది. ఉండనీ. మళ్ళీ అందుకున్నాడు. తిరగని ఫ్యాను వేలం వేశాడు, చిరిగిన స్పీకర్లు వేలం వేశాడు, తినని టిఫిన్ కూడా వేశాడు. మాటా డబ్బా ఒక్కసారే పలికాయి. చాలా రోజుల తర్వాత చారికి నవ్వొచ్చింది.

లాల్‌కు ఫోన్ చేశాడు. "అయింది, వచ్చి తీస్కపో. నీకొక మాట సుత చెప్పేదుంది."

"ఏంది?"

"వచ్చినంక చెప్తా."

బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో చూద్దామని డబ్బా విప్పలేదు, ఆపలేదు. ఎడమ భుజం నొక్కుకుంటూ బల్ల మీద తల వాల్చాడు.

సాయంత్రం లాల్ వచ్చేసరికి చారి అలాగే ఉన్నాడు. అతని కాలర్ దగ్గరికి వంగి, "చారి సాబ్," అన్నాడు లాల్. చారి నడుము మీంచి డబ్బా కూడా "చారి సాబ్" అన్నది, అతనితో పాటే. లాల్ ముఖం వెలిగింది. "వందా, వందా పది, పదీ ఇరవై," అని పిలిచి చూశాడు. ఎక్కడా తట్టలేదు. "అరె, జెర సుత ఆగుతలేదు. ఏదో చెప్తనంటివి, లే..." భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెంటనే తీసుకున్నాడు.

జనం వచ్చారు. దేవమ్మ వచ్చింది. ఎవరో చారి కాలర్ మైకూ నడుముకున్న పట్టీ విప్పి డబ్బాను టిఫిన్ పక్కన పెట్టి, అతన్ని మెట్ల కింది నుంచి బయటికి మోసుకెళ్ళారు. "నీదే గదన్నా, తీస్కపో," అన్నది దేవమ్మ ఏడుస్తూనే. లాల్ చెయ్యి చాపాడు గానీ తీసుకోలేకపోయాడు. బల్ల మీద ఆ డబ్బా ఎర్ర దీపంతో బర్రుమంటూ, దేవమ్మ ఏడుపును ఏమాత్రం ఆలస్యం లేకుండా ఆమెతో పాటే ఏడుస్తోంది.