జిగురు పట్టీ మీద పుల్ల

సెయ్‌సెన్ ఆపిల్ చెట్టు మొదలుకు చుట్టిన కాగితపు పట్టీకి జిగురు పూస్తున్నాడు. తల్గార్ కొండ వాలులో తొలి మంచు పడి కరిగింది. అతని మోకాళ్లు చల్లటి బురదలో దిగబడుతున్నాయి.

పట్టీకి ఒక బొద్దు పురుగు అంటుకుని కాళ్లాడిస్తోంది. రెక్కల్లేవు, సాలీడులా ఉంది. జేబులోంచి పుల్ల తీసి, దాన్ని మెల్లగా లేపి, జిగురుకు పైన బెరడు మీద దించాడు.

"వెళ్లు" అన్నాడు.

ఏటా శరదృతువులో అతను చేసే పనే ఇది. బెరడు మీద వాలిన బూడిదరంగు రెక్కల పురుగుల్ని మాత్రం బొటనవేలితో నలిపేస్తాడు. వసంతంలో మొగ్గల్ని తినే గొంగళిపురుగులు వాటి పిల్లలని తెలుసు. పాకేదాన్ని చంపలేడు. బతికున్న చివరి చలికాలంలో అతని భార్య కుల్యాష్ నడవలేక పొయ్యి దగ్గర్నుంచి మంచం దాకా పాకుతూ వెళ్లేది. అతను చూస్తూ కూర్చునేవాడు. ఎత్తుకుంటే ఆమె ముఖం దగ్గరగా చూడాల్సి వస్తుందని భయం.

ఈ వరుస చెట్లు ఆమె నాటినవి. వాటిని చూసుకోవడం తప్ప అతనికి మరో పని మిగల్లేదు.

తోట మేస్త్రీ ఝుమాష్, పట్నం నుంచి వచ్చిన పురుగుల నిపుణురాలు మర్‌ఝాన్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"ఏం ముసలాయనా, చెట్లతో మంతనాలా? ఏటా పట్టీలు కడతావు, ఏటా మొగ్గలు పోతాయి. ఇవాళ పురుగు దొరికిందా, ఈ చెట్ల వరుస మొత్తం నరికించేస్తా. పక్క తోటకి పాకనివ్వను."

మర్‌ఝాన్ పట్టీకి పైన బెరడు పగుళ్లలో వెతికి, పట్టకారుతో ఒకదాన్ని తీసింది.

"ఇదిగో. పైన బోలెడున్నాయి."

"అది సాలీడమ్మా. పాపం, దాన్నొదిలెయ్" అన్నాడు సెయ్‌సెన్.

"కాళ్లు చూడు తాతా, ఆరే. సాలీడుకి ఎనిమిదుంటాయి. బెరడు మీద నువ్వు నలిపిన రెక్కల పురుగులకి ఇదే ఆడది. రెక్కలుండేది మగవాటికే. ఇది పాకి ఎక్కి కొమ్మల్లో గుడ్లు పెడుతుంది. ఎక్కకుండా ఆపడానికే ఈ జిగురు. ఎలా దాటాయో మరి..."

అతను చేతిలోని పుల్లను చూసుకున్నాడు.

"నేనే దాటించా."

ఝుమాష్ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "మొగుళ్లని చంపి పెళ్లాల్ని చెట్టెక్కించావా! భలే కాపలావాడివయ్యా!"

"నీకెవరూ చెప్పలేదా తాతా?" అంది మర్‌ఝాన్.

"ఎవరు చెప్తారమ్మా?"

"రేపు పొద్దున రంపం వస్తుంది" అని ఝుమాష్ కదిలాడు. ఆమె పురుగును సీసాలో వేసుకుని అతని వెనకే వెళ్లింది.

సెయ్‌సెన్ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. పొద్దు వాలుతుంటే బూడిదరంగు మగవి అతని భుజాల చుట్టూ ఎగిరాయి. ఒకటి మోకాలి మీద వాలింది. బొటనవేలు లేచింది, ఆగింది. మళ్లీ మంచు మొదలైంది. అతను లేవలేదు.

తెల్లారి రంపంతో వచ్చినవాళ్లు ముందు చలికి బిగుసుకుపోయిన అతన్ని పక్కకు జరపాల్సి వచ్చింది.

అతని చేతిలోని పుల్ల ఎప్పుడో జారి పట్టీకి నిలువుగా అంటుకుంది. దాని మీదుగా రెక్కల్లేని బొద్దు పురుగొకటి జిగురు తగలకుండా పైకి పాకుతోంది.