డెక్కలు కట్టిన పీత

పార్సిలాయనకు ఏది కనబడినా కట్టేసే జబ్బుంది. ఉద్యోగం పార్సిల్ ఆఫీసులో. వచ్చిన పెట్టెకల్లా అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస తాడు వేసి, పైన జంటముడి బిగించి, కొసలు కత్తిరించడం ఆయన పని. ఆ చెయ్యి ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. పాత పేపర్లు కడుతుంది, గొడుగులు కడుతుంది, అంగడివాడు కట్టిన ఆకుకూర కట్టను విప్పి మళ్ళీ తన పద్ధతిలో కడుతుంది. "నేనో పూట కదలకుండా కూర్చుంటే నన్నూ కట్టేసి పైన అడ్రసు రాసేస్తారు" అని భార్య దెప్పుతుంది. జేబులో ఎర్రచారల తాడుండ లేకుండా గడప దాటడు. ఆ సముద్రపొడ్డున జరిగిన దానికి తప్పంతా ఆ తాడుదేనని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. తాడుకేం తెలుసు పాపం!

ఆయనకు ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు పళ్ళ డాక్టరు. రోజంతా ఊళ్ళోవాళ్ళ దవడలు పెకలించే మనిషే గానీ, పీతను చూస్తే మాత్రం ఆమడ దూరం పరిగెడతాడు. రెండోవాడు సిటీ బస్సు కండక్టరు, పైగా పార్సిలాయన చెల్లెలి మొగుడు. పార్సిలాయనా కండక్టరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటారు గనుక, ఎవరు ఎవరిని పిలిచారో కొత్తవాళ్ళకు ఓ పట్టాన అర్థం కాదు.

ఏటా చలి తగ్గగానే ఈ ముగ్గురూ డేరా కట్టుకుని, ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుకదిబ్బ వెనక నాలుగు రోజులు మకాం వేస్తారు. గాలాలు వేసి చేపలు పట్టడం, బుట్టలు వేసి పీతలు పట్టడం, పట్టినవి కాల్చుకు తినడం, మధ్యలో ఒకర్నొకరు ఏడిపించుకోవడం. ఇంతకు మించిన పని ఉండదు. ఈ దండుకు నాయకుడు కండక్టరే. నీళ్ళల్లోకి బుట్ట దించి "ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే" అని పీతలను కూడా కేకేసేవాడు. అరచేతి వెడల్పు లేని పీత పైకొస్తే "నీకు టికెట్ లేదు, దిగు" అని వెనక్కి విసిరేసేవాడు. ఆ రూలు ఆయనే పెట్టాడు, ఎంత ఆకలి మీదున్నా తప్పలేదు.

అలాంటి నోటికి పోయిన వానాకాలంలో తాళం పడింది. పక్షవాతం. కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. సమయానికి ఆసుపత్రికి చేర్చారు గనుక నడక తిరిగొచ్చింది, చెయ్యి సగానికి వచ్చింది. మాట్లాడుతూ ఉంటే మాట కూడా వస్తుందన్నారు డాక్టర్లు. మాట్లాడనిస్తే కదా! ఆయన ఒక్క మాట వెతుక్కునేలోపు ఇంటిల్లిపాదీ నాలుగు మాటలు అందించేవారు. మంచినీళ్ళా? మాత్రా? ఫ్యానా? తలకింద దిండా? ఏదో ఒకదానికి తలూపి ఊరుకునేవాడు. ఊరుకోగా ఊరుకోగా అదే అలవాటైంది.

బయలుదేరే ముందు చెల్లెలు పార్సిలాయనను వంటింట్లోకి పిలిచింది.

"అన్నయ్యా, చేపలూ వద్దు, పీతలూ వద్దు. ఆయన నవ్వి ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు. ఒక్కసారి నవ్వించి తీసుకురా. మనిషి ఎదురుగా ఉండి కూడా లేనట్టుంటే ఎలా బతకనురా?"

చిన్నప్పుడు బొమ్మ విరిగినా ఏడవని పిల్ల. ఆ గొంతు వినగానే పార్సిలాయన "నవ్వించకుండా తీసుకొస్తే నన్ను గుమ్మంలోకి రానివ్వకు" అని మాటిచ్చేశాడు.

మాట ఇవ్వడం తేలికే. సముద్రపొడ్డుకు వచ్చాక మిత్రులిద్దరూ పోటీలుపడి సేవలు మొదలెట్టారు. కండక్టరుకు చేతుల కుర్చీ వేశారు. పైన గొడుగు పాతారు, మోకాళ్ళ మీద దుప్పటి కప్పారు. పళ్ళ డాక్టరు చేప ముక్కలో ముళ్ళు ఏరి, పళ్ళు కూడా రాని పసివాడికి పెట్టినట్టు నోటికి అందించాడు. ఆయన గాలానికి వీళ్ళే ఎర గుచ్చారు, వీళ్ళే విసిరారు, బెండు మునిగితే వీళ్ళే లాగారు. "బావా, నీ గాలానికి చేప పడింది చూడు!" అని పార్సిలాయన ఎగిరి గంతేస్తే, కండక్టరు ఆ చేపను ఎవరో దారినపోయేవాళ్ళను చూసినట్టు చూసి తల తిప్పుకున్నాడు.

పీతల సంగతి మరీ అన్యాయం. ఇనుప చువ్వల చట్రానికి వల బిగించి, మధ్యలో చేపతల కట్టి, తాడుతో నీళ్ళలోకి దించుతారు ఆ బుట్టలను. పార్సిలాయన బుట్టలో పీతలు పడుతున్నాయి, డాక్టరు బుట్టలో కూడా పడుతున్నాయి, కండక్టరు పేరున వేసిన బుట్ట మాత్రం ఎప్పుడు లాగినా నీళ్ళు కారుస్తూ ఖాళీగా వస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మూడో రోజు సాయంత్రం కండక్టరు నోరు విప్పాడు. "ఇంటికి... పో..."

"పోయి టీ పెట్టమంటావా?" అన్నాడు పార్సిలాయన.

"చలేస్తోందేమో, డేరాలోకి పోదామంటున్నాడు" అన్నాడు డాక్టరు.

ఇంటికి పోదామని ఆయన అన్నది ఇద్దరికీ తెలుసు. తెలిసే అలా అన్నారు. ఇంతలో చెల్లెలి ఫోను. "నవ్వాడా అన్నయ్యా?" పార్సిలాయన అలల చప్పుడు అడ్డం పెట్టుకుని, సరిగా వినపడటం లేదని చెప్పి పెట్టేశాడు.

మిగిలింది ఒక్కరోజే. తెల్లవారుతుండగా, కండక్టరు ఇంకా నిద్రలో ఉండగా, మిత్రులిద్దరూ పిల్లుల్లా డేరా దాటి, కారెక్కి పడవలు ఆగే రేవుకు పోయి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద పీతను కొనుక్కొచ్చారు. పచ్చటి వీపు, బొటనవేలిని పటుక్కున విరిచేసేంత డెక్కలు. సంచిలో అది గరగరలాడుతుంటే డాక్టరు కారులో కాళ్ళు రెండూ సీటు మీదకు లాక్కున్నాడు.

"అది బయటికొస్తే నేను దూకేస్తా, చెప్తున్నా."

"ఉండవయ్యా, దీని సంగతి నే చూస్తాగా" అంటూ పార్సిలాయన కారాపి, దాని డెక్కలు ముడిచిపట్టి, జేబులోని తాడు తీసి, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస వేసి, పైన జంటముడి బిగించాడు. కొసలు కూడా కత్తిరించాడు.

"ఇది మోసం కదా?" అన్నాడు డాక్టరు కాసేపటికి.

"చేదు మందును తేనెలో కలిపివ్వరా? ఇదీ అంతే" అన్నాడు పార్సిలాయన. ఆ ఆలోచన ఆయనకు ఎంత ముద్దొచ్చిందంటే, రేవు నుంచి దిబ్బ దాకా ఈలవేస్తూనే ఉన్నాడు. వచ్చీరాగానే, డేరాలో అలికిడి వినబడేసరికి, కంగారుగా పీతను కండక్టరు బుట్టలో పడేసి, వల మూతి బిగించి నీళ్ళలోకి దించేశాడు. ఏదో మరిచిపోయినట్టు అనిపించింది గానీ, ఏమిటో తట్టలేదు.

ఎండెక్కాక కండక్టరును కుర్చీతో సహా మోసుకొచ్చి నీటి అంచున కూర్చోబెట్టారు. ఆయన మంచి చేతిలో తాడు కొస పెట్టి, పార్సిలాయన వెనక నుంచి ఆ చేతిని పట్టుకుని తనే లాగాడు.

"అబ్బో, బరువుగా ఉంది బావా! ఈసారి పడిందే! నీ చెయ్యి పడితే ఊరికే పోతుందా!"

బుట్ట పైకొచ్చింది. పీత ఉంది. పచ్చగా, పెద్దగా, నిక్షేపంలా ఉంది. డెక్కలు రెండూ దగ్గరికి ముడుచుకుని, వాటికి అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస ఎర్రచారల తాడుతో, పైన చక్కటి జంటముడితో, అడ్రసు ఒక్కటే తక్కువగా ఉంది.

డాక్టరు ఆకాశం కేసి చూడసాగాడు. కండక్టరు పీతను చూశాడు. ముడిని చూశాడు. మెల్లగా తల తిప్పి పార్సిలాయన జేబులోంచి బయటికి వేలాడుతున్న తాడు కొసను చూశాడు.

"బావా..." అన్నాడు. "పీత... పార్సిల్లో... వచ్చిందా?"

ముందు కండక్టరు భుజాలు కదిలాయి. తర్వాత ఒకపక్కకు లాగిన ఆ పెదవుల్లోంచి బుస్సుమని గాలి వచ్చింది, ఆ వెనక నవ్వు వచ్చింది. కుర్చీ ఊగిపోయేలా నవ్వాడు. డాక్టరు ఇసుకలో కూలబడి పొట్ట పట్టుకున్నాడు. పార్సిలాయన నవ్వుతూనే ఫోను కోసం జేబు తడుముకున్నాడు. ఇచ్చిన మాట దక్కింది, చెల్లెలికి చెప్పెయ్యాలి.

నంబరు నొక్కబోతూ బావ మొహం చూసి ఆగిపోయాడు. కండక్టరు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి నవ్వువి కావు.

"ఇంట్లో... ఇంతే. గ్లాసు నోటికి... పెడతారు. చొక్కా... తొడుగుతారు. మాట కూడా... వాళ్ళే..." ఆయన ఎడమచెయ్యి ఎత్తి పీతను చూపించాడు. "నాకు కట్టినట్టే... దానికీ కట్టావా బావా?"

ఇన్ని నెలలూ పార్సిలాయన ప్రేమ అనుకుని చేసిందంతా ఆ తాడు రూపంలో కళ్ళముందుంది. అక్కడే గొంతుక్కూర్చుని ముడి విప్పడం మొదలెట్టాడు. తన ముడి తనకే ఓ పట్టాన రాలేదు. వచ్చిన మరుక్షణం పీత ఆయన చూపుడువేలు పట్టుకుంది. ఆయన పెట్టిన కేకకు కొంగలు లేచిపోయాయి. పీత వేలు వదిలి, అడ్డదారిన ఏట్లోకి జారుకుంది.

"బాగా... అయింది" అన్నాడు కండక్టరు, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత దుప్పటి తీసి పక్కన పడేశాడు. "ఖాళీ బుట్ట... ఇటివ్వండి. చేతులు... వెనక్కి కట్టుకోండి. ఇద్దరూ."

కట్టుకున్నారు. బడిలో శిక్షపడ్డ పిల్లల్లా ఇద్దరు పెద్దమనుషులు ఒడ్డున చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

చేపతలను బుట్టకు కట్టడానికి కండక్టరుకు చాలాసేపు పట్టింది. తాడు ఒక కొస పళ్ళతో పట్టాడు, రెండో కొసను ఎడమచేత్తో తిప్పాడు, జారింది, మళ్ళీ తిప్పాడు. కుడిచేతి వేళ్ళు బుట్టను అదిమిపట్టడానికి మాత్రం పనికొచ్చాయి. ముడి అంటే అది ముడి కాదు, చిక్కు. పార్సిలాయన వేళ్ళు వెనకాల ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కండక్టరు బుట్ట ఎత్తుకుని బురదలోకి దిగాడు. రెండు అడుగులు వేశాడో లేదో కాలు జారి నడుం దాకా కూలబడ్డాడు. ఇద్దరూ ఒక్క ఉదుటున ముందుకు దూకారు.

"ఆగండి!" ఆ కేక పాత కండక్టరు కేక. బస్సే ఆగేది దానికి, వీళ్ళెంత.

బురదలో మోకాళ్ళ మీద తిరిగి, బుట్టను ఆనుకుని, నానా తంటాలూ పడి లేచాడు. లేచి, "అడుసు తొక్క... నేల..." అని మొదలెట్టి, మిగతా సగం తనకు తనే నవ్వుకుని వదిలేశాడు. ఎడమచేత్తో బుట్ట విసిరితే అది నాలుగు బారల దూరంలో పడింది. పూర్వమైతే అంత దగ్గర పడ్డ బుట్టను చూసి ఆయనే వెక్కిరించేవాడు.

పోటు నీళ్ళు ఎక్కేదాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత లాగడం మొదలెట్టాడు. ఎడమచేత్తో ఇంత లాగి, తాడును కాలికింద తొక్కిపట్టి, మళ్ళీ ఇంత లాగి. బుట్ట ఒడ్డుకు చేరేసరికి ఆయన చొక్కా చెమటకూ బురదకూ ఒంటికి అతుక్కుపోయింది.

బుట్టలో ఒక పీత ఉంది. అగ్గిపెట్టె కంటే చిన్నది.

"ఉంచుకుందాం బావా, గుర్తుగా" అన్నాడు పార్సిలాయన. డాక్టరు జన్మలో మొదటిసారి పీత దగ్గరికి తనంతట తనే వచ్చి వంగి చూశాడు.

కండక్టరు దాన్ని అరచేతిలో పెట్టి కొలిచాడు. అరచెయ్యిలో సగం కూడా లేదు. ఆయన మొహం గంభీరంగా మారింది.

"నీకు... టికెట్... లేదు. దిగు."

పీతను నీళ్ళలోకి వదిలేశాడు.

సాయంత్రం డేరా విప్పుతుండగా చెల్లెలు ఫోను చేసింది. పార్సిలాయన ఏమీ చెప్పకుండా ఫోను కండక్టరు చేతిలో పెట్టాడు. బావ చెవి దగ్గర తనే పట్టుకుందామని పార్సిలాయన చెయ్యి దానంతట అదే లేచింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని తన రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. ఫోను ఒకసారి ఇసుకలో పడింది. కండక్టరే వంగి తీసుకున్నాడు.

"ఇదిగో... నేనే" అన్నాడు. "పీత... పట్టా. నేనే పట్టా. ఎంతుందనుకున్నావ్? ఇంత... ఇంత..."

మాట దొరకలేదు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అవతల చెల్లెలు కూడా ఊపిరి బిగబట్టినట్టుంది, చప్పుడు లేదు. ఆ మాటేమిటో పార్సిలాయనకు తెలుసు. అగ్గిపెట్టంత. నాలుక చివరికి వచ్చేసింది, పెదవి దాటబోయింది. పీత కరిచిన వేలిని నోట్లో పెట్టుకుని పంటితో నొక్కిపట్టాడు. ఇన్నేళ్ళ స్నేహంలో అంత కష్టమైన పని ఆయనెప్పుడూ చెయ్యలేదు.

కండక్టరు సముద్రం కేసి చూశాడు. వెతుక్కున్నాడు. దొరికింది.

"పళ్ళెమంత!" అన్నాడు.