మా కోర్టెల్‌గాడి చావులు

మా మేనల్లుడు కోర్టెల్ ఐదేళ్ళలో సినిమాల్లో ఏడుసార్లు చచ్చాడు. ఈ లెక్క మా చర్చిలో పర్లీన్‌ది. ఎవరింట్లో ఏం జరిగినా తారీఖుతో సహా చెప్పగల మనిషి, ఆవిడ లెక్క తప్పదు.

మొదటిసారి కారులో తూటా తగిలి పోయాడు. రెండోసారి బురదనీళ్ళలో మొసలి లాక్కుపోయింది. మూడోది దెయ్యాల సినిమా. ఇంటినిండా తెల్లవాళ్ళుంటే ఆ దెయ్యం ముందుగా ఒక్క నల్లవాడైన వీణ్ణే వెతుక్కుంది. మిగతా నాలుగు చావులూ నా బుర్రలో కలగాపులగం అయిపోయాయి. మావాడిలా ర్యాప్ పాటలు పాడేవాణ్ణి సినిమాలోకి తీసుకున్నవాళ్ళకి మొదటి అరగంటలో వాణ్ణి చంపకపోతే నిద్రపట్టదు కాబోలు. పోస్టర్ మీద మాత్రం వాడి మొహం తలుపంత ఉంటుంది.

నేను మా ఊరు మెంఫిస్‌లో స్కూలు బస్సు నడుపుతాను. సినిమా విడుదలైన మర్నాడు పొద్దున్నే పిల్లలు బస్సెక్కుతూ, "మిస్ వాండా, మీవాడు మళ్ళీ పోయాడంటగా" అని పలకరిస్తారు. "కూర్చుని బెల్టు పెట్టుకోండి, లేకపోతే వాడి పక్కకే పోతారు" అంటాను.

పాటల లోకంలో వాడి పేరు బిగ్ పార్సెల్. కుర్రతనంలో విమానాశ్రయంలో పార్సెళ్ళు ఎక్కించేవాడు. డబ్బాలకి అంటించే చీటీల వెనక పాటలు రాసి జేబులో కుక్కుకునేవాడు. జేబులు చూడకుండా బట్టలు ఉతికే మెషిన్‌లో వేసి నేనెన్ని పాటలు నాశనం చేశానో దేవుడికే తెలియాలి. మనిషి ఆరడుగుల మూడంగుళాలు, మాట మాత్రం నింపాది. మిగతావాళ్ళు రైలు వెళ్ళిపోతున్నట్టు పాడితే వీడు వాకిట్లో కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పినట్టు పాడతాడు. మా ఊరికి అదే నచ్చింది.

వాడికి పేరు తెచ్చిన పాట "ఇరవై ఏడు". అందులో తుపాకులూ లేవు, నగలూ లేవు. ఒకడు తన ఇరవై ఏడో పుట్టినరోజున లేచి, పళ్ళు తోముకుని, అద్దంలో చూసుకుని, ఈ రోజునుంచి నేను మా నాన్నకన్నా పెద్దవాణ్ణి అనుకుంటాడు. అంతే పాట. కోర్టెల్ నాన్న రాండెల్ నా తమ్ముడు. ఇరవై ఆరేళ్ళప్పుడు పెట్రోలు బంకు దగ్గర ఎవరో ఇద్దరు కొట్టుకుంటుంటే, ఏ సంబంధమూ లేని మా తమ్ముడు తూటా తగిలి పోయాడు. మా అమ్మ ఎర్నెస్టీన్ అప్పుడు వాడితోనే ఉంది, కారులో ముందు సీట్లో. కోర్టెల్‌కి రెండేళ్ళు. వాణ్ణి పెంచింది మా అమ్మే. నేనూ పెంచానని అందరికీ చెప్పుకుంటాను గానీ, నేను చేసిందల్లా వాడిమీద అరవడమే.

ఆ పాట వచ్చాక మెంఫిస్‌లో ఇరవై ఏడు నిండిన ప్రతి మగపిల్లాడి కేకు ముందూ అది మోగాల్సిందే. మా అమ్మ వంటింట్లో ఆకుకూర ఉడికిస్తూ రేడియోలో వినేది. బూతుమాట వచ్చినచోట రేడియోవాళ్ళు కూత పెడితే, "ఆ కూత కింద ఏముందో నాకు తెలుసు, రానీ వాణ్ణి" అనేది.

మొదటి సినిమా విడుదలవగానే చర్చి మొత్తం కదిలింది. ఆదివారం ఆరాధన అవగానే నలభైమందిమి టోపీలు కూడా తియ్యకుండా సరాసరి థియేటర్‌కి వెళ్ళాం. మా ఆడవాళ్ళ చర్చి టోపీలు గొడుగులంత ఉంటాయి, వెనక వరసలవాళ్ళకి సినిమా సగమే కనపడింది. మా అమ్మ చర్చికి వేసుకునే తెల్లబట్టల్లో ముందు కూర్చుంది. పదకొండో నిమిషంలో కారు అద్దం పగిలింది, కోర్టెల్ తల వాల్చేశాడు. మా అమ్మ లేచి బయటికి నడిచింది.

పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర పట్టుకున్నాను.

"అమ్మా, అది నటన. వాడు కాలిఫోర్నియాలో నిక్షేపంలా ఉన్నాడు. పొద్దున ఫోన్ చేశాడుగా."

"తెలుసే. నాకేం మతిపోలేదు."

"మరి?"

"ఒకసారి చూశాను, వాండా. టికెట్టు కొనుక్కుని మళ్ళీ చూడలేను."

ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం, మిగతావాళ్ళ సినిమా అయ్యేదాకా.

మర్నాడు పర్లీన్ మా గుమ్మంలోకొచ్చింది, చేతిలో వెన్న కేకు. మా పేటలో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆడవాళ్ళు వండుకుని తెచ్చిపెట్టడం ఆనవాయితీ. "అయ్యో ఎర్నెస్టీన్, మీ ఇంట్లో కష్టం జరిగిందటగా" అంది ఏడుపు మొహం పెట్టి. వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను. అమ్మ కేకు పుచ్చుకుని, థాంక్సు చెప్పి, తలుపు వేసుకుంది. అప్పట్నుంచీ సినిమాకో కేకు వచ్చేది. అన్నీ నేనే తిన్నాను, నా బస్సు సీటే సాక్షి. అమ్మ ఒక్క ముక్క ముట్టుకోలేదు.

కోర్టెల్‌కి ఇదంతా తెలుసు. మొదట్లో నవ్వేసేవాడు. ఒకసారి కార్టూన్ సినిమాలో నది చేపకి గొంతిచ్చి, "ఇందులో నేను చివరిదాకా బతికే ఉంటాను నానమ్మా" అని స్వయంగా తీసుకెళ్ళాడు. ఆవిడ ఓపిగ్గా అంతా చూసింది.

"ఎలా ఉంది?"

"చేప బాగానే మాట్లాడింది. నీ మొహమేదిరా?"

వాడికి ముప్పైమూడు నిండిన ఏడాది, కళ్ళ డాక్టర్ అమ్మకి ఒక కన్ను అప్పటికే పోయిందనీ రెండోది మహా అయితే ఇంకో ఏడాది అనీ చెప్పాడు. ఆవిడకి ఎనభైనాలుగు. అది విన్నప్పట్నుంచీ కోర్టెల్ మారిపోయాడు. ఎవరు కథ చెప్పబోయినా, "ముందు చివర చెప్పండి, నేను ఉంటానా పోతానా" అని అడిగేవాడు. బహుమతులొచ్చే పెద్ద సినిమా ఒకటి వస్తే, చివర్లో ఉరేస్తారని వదిలేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ముసలావిడ భయం కోసం నీ బతుకు పాడుచేసుకుంటావా?"

"ఒక్క సినిమా, అత్తా. ఆ కన్ను పోయేలోగా నా మొహం మొదట్నుంచి చివరిదాకా చూడాలి. తర్వాత ఎన్నిసార్లు చంపినా చస్తాను."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే మళ్ళీ పార్సెళ్ళు మోస్తాను."

మూడు నెలలు ఏమీ దొరకలేదు. నాలుగో నెలలో ఒకావిడ వచ్చింది, సినిమాలు తీయడానికి కొత్తే. మిసిసిపీ మీద సరుకు పడవలు నడిపే ఒక నల్లవాడి కథ, ఇరవై ఏళ్ళనుంచి ఎనభై ఏళ్ళదాకా, అంతా వీడే. ముసలి వేషానికి రోజూ నాలుగ్గంటలు కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. వీడు వెంటనే ఒప్పుకున్నాడు. విడుదలకి వారం ముందు నాకు ఫోన్ చేశాడు.

"అత్తా, మధ్యాహ్నం ఆటకి నానమ్మని తీసుకురా. నేనూ వస్తాను."

"ఈసారి బతుకుతావా?"

"చస్తాను. కానీ బాగా ఆలస్యంగా."

"కోర్టెల్, ఆవిడ మళ్ళీ లేచి వెళ్ళిపోతే ఇంకో సినిమా ఉండదు. ఆ కన్ను ఉండదు."

"తెలుసు, అత్తా. అందుకే నాకు భయంగా ఉంది."

వెళ్ళాం. కోర్టెల్ టోపీ కళ్ళమీదకి లాక్కుని మా వెనక వరసలో కూర్చున్నాడు. నేను సినిమా చూడలేదు, అమ్మనే చూస్తూ కూర్చున్నాను. తెరమీద వాడు ఇరవై ఏళ్ళవాడుగా వచ్చేసరికి అమ్మ మొహం బిగుసుకుంది, అప్పటి వాడు అచ్చం రాండెల్. పడవల రేవులో కొట్లాట వచ్చింది, ఎవడో కత్తి తీశాడు. అమ్మ ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు చేతిలోకి తీసుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను. కత్తి భుజానికి తగిలింది, వాడు కట్టు కట్టించుకుని మర్నాడు పడవెక్కాడు. హ్యాండ్‌బ్యాగు ఆవిడ చేతిలోనే ఉంది.

తర్వాత వాడికి నలభై వచ్చింది. పెళ్ళాంతో తగువు పడ్డాడు, పొట్ట పెరిగింది. అమ్మ బ్యాగు కింద పెట్టింది. యాభైలో చెంపలు నెరిశాయి. అరవైలో కుర్చీలోంచి లేస్తూ మోకాలిమీద చెయ్యి వేసుకుని మూలిగాడు, మా నాన్న లేచినట్టే. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"చూడవే, బట్టతల వచ్చింది," అంది. గొంతు తగ్గించలేదు, ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. "రాండెల్‌కీ వచ్చేది. మీ నాన్నకి లేదూ? నడక చూడు. పళ్ళు కూడా పోయాయి సన్నాసికి."

నవ్వుతోంది మా అమ్మ. ఇరవై ఆరేళ్ళ దగ్గర ఆగిపోయిన కొడుకు ముసలివాడైతే ఎలా ఉంటాడో ముప్పై రెండేళ్ళ తర్వాత చూస్తోంది, ఒంటికన్నుతో, ఏదీ వదలకుండా. నాకు ఏడుపాగలేదు. తమ్ముడు పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు, అప్పుడు అమ్మని పట్టుకోవడమే సరిపోయింది.

చివరికి ఆ ముసలి పడవవాడు మంచం పట్టాడు. చుట్టూ పిల్లలు, మనవలు, ఎవరో మెల్లగా పాడుతున్నారు. బ్యాగు తీసి, "పద అమ్మా, పోదాం" అన్నాను.

"కూర్చో. ఇంకా అవలేదు."

కూర్చున్నాను. తెరమీద వాడు ఒక్కొక్కరి మొహమూ చూసి, కళ్ళు మూసుకుని, మరి తెరవలేదు. అమ్మ రెప్ప వెయ్యలేదు. పేర్లు పడుతుంటే కూడా లేవలేదు, లైట్లు వేశాక వెనక్కి తిరిగింది.

"ఇటు రారా."

అంత పొడుగువాడూ ఆవిడ సీటు పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. అమ్మ వాడి టోపీ తీసేసి, రెండు చేతుల్తో వాడి మొహం పట్టుకుని, కన్నుకి దగ్గరగా తెచ్చుకుంది.

"ఇలా పోవాలి. ఎనభై దాటాక, సొంత మంచం మీద. అంతకుముందు ఎవడు పిలిచినా వెళ్ళకు."

"అది సినిమా, నానమ్మా."

"సినిమా సంగతి నాకెందుకురా. నేను నీ సంగతి చెప్తున్నాను. ఎప్పుడు పోతావు?"

థియేటర్ ఊడ్చేవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఊరంతా నోరెళ్ళబెట్టి వినే కోర్టెల్ గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"ఎనభై దాటాక."

అప్పుడుగానీ మా అమ్మ వాడి మొహం వదల్లేదు.