ఓటీ నిద్ర

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పక్కవాటా గుమ్మంలో నిలబడటం కనకలక్ష్మికి అలవాటు. “పిన్నిగారూ, ఇవాళ కూడా మా ఆయనకి ఓటీ ఉందండి, రాత్రి కూడా పనే. కాస్త ఆయన నిద్ర కూడా పడుకుందురూ,” అంటుంది. మంగతాయారు పిన్నిగారు కాఫీ తాగి, చాప దులిపి పరిచి, “దానికేం భాగ్యమమ్మా,” అని నడుం వాలుస్తుంది. అంతే, బజారు అవతల ప్రెస్సులో కనకలక్ష్మి మొగుడు గౌరీశంకరం కళ్ళ మంట చల్లారిపోయి, వేళ్ళు చురుగ్గా సీసం అక్షరాలు ఏరుకుంటాయి.

తెనాలిలో ఆ వీధివాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. పిన్నిగారి భర్త రైల్వేలో ఉన్న రోజుల్లో ఆయన డబుల్ డ్యూటీలన్నిటికీ ఆవిడే పడుకునేది. ఆయన పోయాక, అవసరమైన వాళ్ళకి పడుకుంటోంది. ఒకటే నియమం, ఆవిణ్ణి మధ్యలో లేపకూడదు. లేపితే ఆ నిద్ర సొంతదారు ఎక్కడుంటే అక్కడే వాడి నెత్తిన పడుతుంది. ఒకసారి పాలవాడు గట్టిగా కేకేస్తే, రైసుమిల్లులో ఒకాయన మోస్తున్న బస్తా దించి దాని మీదే వాలిపోయాడు. అప్పట్నుంచీ ఆ వీధిలో సైకిలు బెల్లు కూడా మోగదు.

ఎనభయ్యారో ఎనభయ్యేడో, ఆ వేసవిలో బడులు తెరిచేలోగా గైడ్లు అచ్చుకావాలని ప్రెస్సు యజమాని బసవేశ్వరరావు ఒకటే తొందర. అక్షరాలు పేర్చే గౌరీశంకరాన్ని “నువ్వుంటే నలుగురున్నట్టేనయ్యా” అని మెచ్చుకుని, ఆ మాట తనే నమ్మేసి, పక్కన పనిచేసే జ్ఞానానందాన్ని మాన్పించేశాడు. ఒకడే ఇద్దరి పని లాగేస్తుంటే రెండోవాడికి జీతం దేనికి? గౌరీశంకరానికి మనసులో పీకుతూనే ఉంది. కానీ ఓటీ డబ్బుతో ఇంట్లోకి ఫ్యాను వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఎదుటివాడి చెమట ఒక పట్టాన కనిపించదు.

అంతలో బాపట్లలో మాస్టారుగా ఉన్న పిన్నిగారి కొడుక్కి, పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆడపిల్ల పుట్టింది. కోడలి పుట్టిల్లు రేపల్లె. కబురు అందగానే పిన్నిగారు బాలింతకి కాయం, పాపకి మెత్తటి పాతచీర గుడ్డలు మూటకట్టి రైలెక్కింది. సాయంత్రానికల్లా మూటతో సహా తిరిగొచ్చింది.

“ఏంటి పిన్నిగారూ, అప్పుడే వచ్చేశారు? పాప ఎలా ఉంది?” అంది కనకలక్ష్మి.

“నేనెక్కడ చూశానమ్మా! బండి కదలగానే కళ్ళు మూతలు పడ్డాయి. మెలకువొచ్చేసరికి మళ్ళీ తెనాలే.”

రేపల్లెతో ఆ లైను ఆఖరు. అక్కడ దిగకపోతే అదే బండిలో వెనక్కి రావాల్సిందే. పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఎరిగినవాళ్ళే. “పిన్నిగారు ఎవరి నిద్రో పోతోంది, లేపకండర్రా” అని ఒకరినొకరు హెచ్చరించుకున్నారట. ఆ మంచితనమే కొంప ముంచింది.

“పోనీలే, శుక్రవారం బారసాల కదా. ఒక్కసారి ఒళ్ళోకి తీసుకుంటే చాలు నాకు,” అంటూనే ఆవిడ గోడకి చేరగిలబడి కునికింది.

భోజనం దగ్గర ఈ సంగతి విన్న గౌరీశంకరం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఇన్నాళ్ళ ఓటీ నిద్ర ఆవిడ దగ్గర పేరుకుపోయింది. శుక్రవారం కూడా ఆ రైలు ఆవిణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చేస్తుంది. చెయ్యి కడుక్కుని నేరుగా జ్ఞానానందం ఇంటికి వెళ్ళాడు.

“శుక్రవారం నుంచి నా చోట నువ్వు నిలబడాలయ్యా.”

“మరి నువ్వో?”

“నేను పడుకుంటాను.”

జ్ఞానానందం అతని మొహంలోకి చూశాడు. “యజమాని నన్ను ఉంచుకుని నిన్ను పొమ్మంటే?”

గౌరీశంకరం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “అంటే అన్నాడులే,” అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే మంచం వాల్చుకుని పడుకుని, “కనకం, వెళ్ళి పిన్నిగారిని లేపు,” అన్నాడు.

“ఉద్యోగం పోతే ఏం తింటామండీ?”

“ఆవిడ మెలకువంతా మనమే వాడేసుకున్నామే. ఇవాళ్టిదన్నా ఆవిడకి ఇచ్చేద్దాం.”

కనకలక్ష్మి కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఆవిడ భుజం తట్టింది. పిన్నిగారు కళ్ళు తెరిచింది. ఇవతల గౌరీశంకరం నోట్లో మాట నోట్లో ఉండగానే నిద్రలోకి జారిపోయాడు.

మధ్యాహ్నం బసవేశ్వరరావు ఆపసోపాలు పడుతూ వచ్చి అరిచాడు, కుదిపాడు, చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. గౌరీశంకరం మీసం తుడుచుకుని అటు తిరిగి పడుకున్నాడు. చేసేదేమీ లేక, ప్రెస్సులో అప్పటికే పని అందుకున్న జ్ఞానానందాన్నే యజమాని బతిమాలుకున్నాడు. నిద్ర తీరి గౌరీశంకరం భయపడుతూ వెళ్ళేసరికి గైడ్లు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. ఇద్దరూ కలిసి దీపాలు పెట్టే వేళకే పని ముగిస్తుంటే కరెంటు బిల్లు తగ్గింది. “ఇద్దరూ ఉండండిరా, వేళకి ఇళ్ళకి పొండి,” అన్నాడు బసవేశ్వరరావు, ఆ ఉపాయం తనే కనిపెట్టినట్టు. ఓటీ డబ్బు లేక గౌరీశంకరం ఇల్లు కాస్త ఇరుకునే పడింది. అయినా జ్ఞానానందం భార్య రిబ్కా బజార్లో ఎదురై “చల్లగా ఉండన్నయ్యా” అన్నప్పుడు, ఆ ఇరుకు అతనికి బరువనిపించలేదు.

పిన్నిగారు రేపల్లెలో కొన్నాళ్ళుండి వచ్చింది. గౌరీశంకరం ఎదురెళ్ళి మూట అందుకున్నాడు. “మీ రుణం ఎలా తీర్చుకోనండీ పిన్నిగారూ!” అన్నాడు.

“రుణమేంటి నాయనా! దారంతా కళ్ళు తెరుచుకునే ఉన్నాను. కాలవలూ కొంగలూ అన్నీ చూశాను. పాపని తెచ్చి ఒళ్ళో పెట్టారు. కాసేపు నా మొహంలోకే చూసి, అలాగే నిద్రపోయింది.” పిన్నిగారు తన ఒళ్ళోకి చూసుకుంది. “దాని నిద్ర అదే పోయిందయ్యా. నేను చూస్తూ కూర్చున్నాను.”