రాత్రిలోంచి జారిన క్రావడి

నేను ఒక విషయసూచికను. పత్రిక కొనగానే మీరు బొటనవేలితో పక్కకు నెట్టేస్తారే, ఆ పేజీని. నన్ను చదివి ఏడ్చినవాడు లేడు, నవ్వినవాడు లేడు. ఏ పేజీకి పోవాలో కనుక్కుంటారు, పోతారు. బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చున్న మనిషికి ఉండే మర్యాదే నాకూ దక్కింది. అయినా నాకో కథ ఉంది. నమ్మితే నమ్మండి, లేకపోతే పేజీ తిప్పేయండి. మీకది అలవాటే.

విశాఖపట్నంలో ఓ మేడ మీది గదిలో పుట్టాను. అక్కడ సముద్రపు గాలి ఎంత జోరంటే, ఓ పొద్దున బల్ల మీది ఇడ్లీ లేచిపోయి ఎదురింటి వాళ్ల పళ్లెంలో పడిందట. వాళ్లు మర్యాదస్తులు. చట్నీ కూడా పంపమని కబురు చేశారు. అలాంటి గాలిలో కాగితం పుట్టుక పుడితే ఇక నిలకడ ఎక్కడిది?

ఆ గది ‘హోరు’ అనే పత్రికది. తెలుగులో రాక్ సంగీతానికి పత్రిక పెట్టాలని క్యాసెట్ల కొట్టు ముక్తేశ్వరరావు గారికి పుట్టిన బుద్ధి. తెలుగువాడికి ఆ గోల ఎందుకండీ అని అడిగినవాళ్లకు ఆయన, “పెళ్లిలో బ్యాండు మేళం ఎందుకు పెడతారు? గుండె అదరడానికే గదా,” అనేవాడు.

నన్ను తీర్చిదిద్దినవాడు పైడిరాజు. అంతకుముందు పెళ్లి శుభలేఖలు వేసేవాడు. నాలుగు మూలలా మామిడాకులు లేని కాగితం కనబడితే పాపం ఆయనకు చలి వేసేది. అలాంటివాడి చేతికి, రేవులో దిగిన ఓ నావికుడి దగ్గర కొన్న విదేశీ రాక్ పత్రిక ఒకటి వచ్చింది. అందులో విషయసూచిక చూశాడు. అరచేతంత అంకెలు, పక్కకు ఒరిగిన శీర్షికలు, ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి బిగించి పేర్చిన వరుసలు. అంతే, మనిషి మామిడాకులు మరిచిపోయాడు. నా ప్రాణం మీదికి వచ్చింది.

అప్పట్లో పేజీ కట్టడమంటే ఇలా ఉండేది. నిగనిగలాడే కాగితం మీద అచ్చయిన అక్షరాలను బ్లేడుతో పట్టీలుగా కోసి, అట్ట మీద జిగురుతో అంటించేవాళ్లు. ఆ అట్టను ప్రెస్సుకు పంపితే, అక్కడ ఫొటో తీసి అచ్చు వేసేవాళ్లు. ఆ అట్టను నేనే. పొద్దున నా నెత్తి మీదున్న గిటారు బొమ్మ భోజనాల వేళకు కడుపులోకి దిగేది, సాయంత్రానికి మోకాళ్ల దగ్గర పడుకునేది. అంకెలైతే ఊరేగింపే. ఒక చోట ఊపిరి తీసుకుందామంటే మళ్లీ పీకేవాడు.

నా మీద అన్నిటికన్నా పెద్ద శీర్షిక జెసింతది. ఆమె రైల్వే క్వార్టర్ల పిల్ల. మేడ కింద రేకుల షెడ్డులో తన బృందంతో సాధన చేసేది. ఆ గొంతు గరుకు. పైకి లేచిందంటే మా గదిలో జిగురు సీసా బల్ల అంచుదాకా నడిచి వచ్చేది. చిన్నప్పుడు చర్చిలో పాటలు నేర్పే ఆయన, “నీది గొంతు కాదమ్మా, రాయి,” అని వెనక బెంచీకి పంపేశాడట. ఆ రోజు నుంచి బళ్లో పిల్లలు ‘రాతి గొంతు’ అని పిలిచేవాళ్లట. ఆ మాట ఆమె ఒక్క పైడిరాజుకే చెప్పుకుంది, ఓసారి టీ తాగుతూ. ఆయన విని, “నీది సీకటడ్డాక ఇనాల్సిన గొంతమ్మా,” అని, ఆమె మీద వ్యాసానికి ‘రాత్రి గొంతు’ అని తనే పేరు పెట్టాడు. పత్రిక మొదటి సంచిక విడుదల రోజు సాయంత్రం బీచి దగ్గర ఆమె పాట కచేరీ పెట్టారు. అన్నాళ్లూ హోటళ్లలో ఇంకొకళ్ల వెనక నిలబడి పాడిన పిల్ల, సొంత ఊళ్లో సొంత పేరుతో పాడబోవడం అదే మొదలు.

ప్రెస్సుకు పోయే రోజు పైడిరాజుకు నా వరుసలు వదులుగా కనిపించాయి. ఇంకా బిగించాలన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి గనుక బిగించినా పరవాలేదు. మనవి అలా కాదు, నెత్తిన గుడి, కాళ్ల కింద వత్తు. పైడిరాజు శీర్షిక అంచు మరికాస్త కోశాడు. సరిగ్గా అప్పుడే గాలి విసిరింది, బ్లేడు వంగింది. ‘రాత్రి’లో త కింద కొడవలిలా వంగి ఉండే ర వత్తు, మీరు క్రావడి అంటారే, అది తెగి రాలింది. ఆయన చూడలేదు. పట్టీని అంటించి, నన్ను ఎత్తి దులిపి, ప్రెస్సుకు పంపేశాడు. ‘రాత్రి గొంతు’ కాస్తా ‘రాతి గొంతు’ అయి కూర్చుంది.

విడుదల రోజు మధ్యాహ్నం కాపీల కట్టలు వచ్చాయి. ప్రెస్సు నుంచి నేనూ తిరిగొచ్చాను. జెసింత ఓ కాపీ తీసి నా పేజీ తెరిచింది. దాన్ని పట్టుకుని పైడిరాజు ముందుకొచ్చింది.

“బాబాయ్, నీకొక్కడికే గదా చెప్పాను.”

పైడిరాజుకు అర్థం కాలేదు. ఆమె వేలు పెట్టి చూపించాక మొహం పాలిపోయింది. “అమ్మా, నా పిల్లల మీద ఒట్టు. నాను ఎట్టింది ‘రాత్రి’ అనే. క్రావడి తెగిపోనాది.”

“తెగిపోతే ఇంతమందిలో ఎవరికీ కనబడలేదా?”

ముక్తేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నాడు. “నాకు కనబడిందమ్మా. రాక్ అంటే రాయే గదా. పైడిరాజు కవిత్వం చేశాడనుకున్నాను. బాగుందని కూడా అనుకున్నాను.”

“అయితే సాయంత్రం ఆ రాయినే తెచ్చి పాడించుకోండి. నేను రాను.”

పైడిరాజు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “నువ్వు పాడకపోతే పోనీ తల్లీ. నాను నిన్ను ఎక్కిరించాననుకుని ఎల్లిపోకు. ఆ ముక్క ఈ గదిలోనే పడుంటాది, సూపిస్తాను.”

ఇక చూడండి. పెద్దమనుషులిద్దరూ నేల మీద మోకాళ్లు ఆనించి, గోటి ముక్కంత వత్తు కోసం బల్లల కింద, కుర్చీల కింద పాకుతున్నారు. “ఇదేనేమో చూడు,” అంటే “అది సచ్చిన సీమండి,” అనడం. చెత్తబుట్ట బోర్లించారు. పైడిరాజు చెప్పుల అడుగులు కూడా గీకి చూశాడు. నా బాధ ఎవరికి చెప్పుకోను? ఆ క్రావడి జిగురంటుకుని, ప్రెస్సు దాకా వెళ్లి వచ్చి, ఇప్పటికీ నా వీపు మీదే ఉంది. నోరున్న పేజీనే గానీ అడిగినదానికి జవాబు చెప్పలేని నోరు. గాలీ, ఇడ్లీలు ఎగరేశావు గదా, ఈ అట్టను ఒక్కసారి తిరగెయ్యి అని మొక్కుకున్నాను. కావాల్సినప్పుడు అదీ ఆగిపోయింది.

జెసింత కాసేపు చూసింది. కోపం తగ్గలేదు గానీ, ఆ మాట మళ్లీ ఓసారి చూసుకోవాలనిపించిందేమో, నన్ను బల్ల మీది నుంచి లాగింది. వేళ్ల కింద ఏదో గరుకు తగిలింది. తిప్పింది. గోటితో మెల్లగా లేపి, వేలి కొసన పెట్టుకుని వెలుతురులో చూసింది.

“బాబాయ్, లే. మోకాళ్లు నొప్పెడతాయి.”

పైడిరాజు లేచి ఆ వేలి వంక చూశాడు. ఆమె తనే జిగురు అద్ది, నా త కింద వంకరగా అంటించింది. “కాపీలన్నీ అచ్చయిపోయాయి గదా, ఇప్పుడేం చేస్తావు?” అని అడిగింది.

“ఏటి సేత్తానమ్మా. జనం సదివేస్తారు.”

సాయంత్రం పైడిరాజు నన్ను సంచిలో పెట్టుకుని బీచికి వెళ్లాడు. జనం అప్పటికే చదివేశారు. ఆమె వేదిక ఎక్కగానే వెనక నుంచి కొందరు కుర్రాళ్లు “రాతి గొంతూ” అని కేక పెట్టారు. ఆమె చేయి మైకు మీద బిగుసుకుంది. పైడిరాజు సంచిని గుండెకు అదుముకుంటే నాకు ఊపిరాడలేదు. ఆమె దిగి వెళ్లిపోతుందనే అనుకున్నాం ఇద్దరం.

“మీ చేతిలో పత్రికలో ఓ అచ్చుతప్పు ఉంది,” అంది మైకులో. “పాట అయ్యాక మీరే దిద్దుకోండి.”

పాడింది. ఆ గొంతు ధాటికి లంగరేసిన ఓడలు కాస్త వెనక్కి జరిగాయని నేనంటాను, మీరు తగ్గించుకోండి. పాట అయ్యాక చప్పట్లు మోగాయి. ఆ తర్వాత కేకలు పెట్టిన కుర్రాళ్లు పక్కవాళ్లను పెన్ను అడిగారు.

‘హోరు’ ఎన్నో సంచికలు రాకుండానే ఆగిపోయింది. నేను పైడిరాజు ఇంట్లో ఓ ట్రంకు పెట్టెలో స్థిరపడ్డాను. స్థిరం అన్నానే గానీ, మూత తెరిచిన ప్రతిసారీ మళ్లీ పీకుతాడేమోనని ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుంటుంది. మొన్న పాత పత్రికలు పోగుచేసే ఓ పెద్దమనిషి వచ్చాడు. పాత పుస్తకాల దుకాణాల్లో తాను ఏరిన ‘హోరు’ మొదటి సంచిక కాపీలు తెచ్చి వరసగా పరిచాడు. నా పేజీ ఒక దాంట్లో నీలం క్రావడి, ఒక దాంట్లో ఎరుపు, ఒకడెవడో మరీ హుషారు పడి గొ కింద కూడా పెట్టాడు.

“అన్నీ ఇలాగే పాడు చేశారండీ,” అని ఆయన వాపోయాడు. “గీతల్లేని శుభ్రమైన కాపీ ఒకటైనా దొరుకుతుందేమోనని వచ్చాను.”

పైడిరాజు కళ్లజోడు తుడుచుకుని ఆ పేజీలన్నీ ఒక్కొక్కటే చూశాడు.

“నా దగ్గిర లేదు బాబూ,” అన్నాడు. “ఆ పాట ఇననోడెవడైనా ఉంటే, ఆడినడుగు.”